పొట్ట మీది ఎరుపు

మా అక్క కుక్క పొట్ట కాలింది నూనె వల్ల కాదు, నా వల్ల. ఈ మాట ఆరేళ్లు చెప్పకుండా దాచాను. మొన్న ఆవు మందుకని శ్రీకాకుళం పశువుల ఆసుపత్రికి వెళ్తే, వరసలో ఒక అమ్మాయి ఒళ్లో అచ్చం అలాంటి కుక్కే కనిపించింది. దాన్ని చూశాక చేయాల్సిన పని చేసి వచ్చి, ఇది రాస్తున్నాను.

అక్క కుక్కని బావ బెంగళూరు నుంచి నెల్లిమర్లలోని వాళ్లింటికి తెచ్చాడు. చైనీస్ క్రెస్టెడ్ అంటారట. తల మీద, తోక చివర, పాదాల దగ్గర తప్ప వెంట్రుక ఉండదు. ముట్టుకుంటే జ్వరం వచ్చిన పసిపిల్లలా వెచ్చగా ఉంటుంది. పళ్లు తక్కువ కాబట్టి పెరుగన్నం మెత్తగా పిసికి పెట్టాలి, చలికి స్వెట్టరు తొడగాలి, ఎండ తగలనివ్వకూడదు. కొత్తవాళ్లొస్తే మంచం కిందకి దూరేది, నచ్చినవాళ్ల మెడ చుట్టూ మాత్రం ముందుకాళ్లు రెండూ వేసి వదిలేది కాదు. దానికి అందరికంటే నచ్చింది అక్క అత్తగారు. ఆ ఇంట్లో పసివాళ్లందరికీ నలుగు పెట్టిన చెయ్యి ఆవిడది. డాక్టరు కొబ్బరినూనె కొంచెం చాలన్నా వినకుండా, “రారా బోడోడా” అని పిలిచి వీపుకి, కాళ్లకి ఆవనూనె మర్దనా చేసేది.

అక్క కంటి ఆపరేషనుకి అందరూ విశాఖ వెళ్తూ కుక్కని నాలుగు రోజులు నా దగ్గర వదిలారు. నేనప్పుడు నౌపడలో ఉప్పుమళ్ల మీద మేస్త్రీని. నలుగురికీ చూపించాలన్న సరదాతో దానికి చొక్కా తొడిగి, వీపుకి ఎండ తగలదులే అనుకుని మళ్లలోకి తీసుకెళ్లాను. “ఏటి మేస్త్రీ, కోడిని పీకి తెచ్చినావేటి?” అని అక్కడివాళ్లు నవ్వారు. నేనూ నవ్వుతూ మధ్యాహ్నం దాకా తిప్పాను. తెల్లటి ఉప్పు ఎండని కిందనుంచి పైకి కొడుతుంది, గడ్డం కింద కమిలిపోవడం మాకు మామూలే. తెలిసి కూడా నేలకి జానెడెత్తున నడిచే దాని పొట్ట సంగతి నాకు తట్టలేదు. మర్నాటికి పొట్టంతా ఎర్రగా పొక్కులు.

వాళ్లు తిరిగొచ్చాక కుక్కని చూపించడానికి వెళ్తే, ఎండలో తిప్పారా అని పశువుల డాక్టరు అడిగాడు, లేదన్నాను. వీపు బాగానే ఉండడంతో ఆయనా నమ్మాడు. ఆవనూనె వల్లే అయుంటుందని అక్క అంది. నేను తలూపాను. “నాను పొట్టకి రాయనేదే అమ్మా” అని అత్తగారు రెండుసార్లు అంది, ఎవరూ వినిపించుకోలేదు. ఆ రోజు నుంచి కుక్కని ఆవిడ దగ్గరికి వెళ్లనివ్వలేదు. వెళ్తే అక్క ఎత్తి తెచ్చేసేది. కొన్నాళ్లకి అది వెళ్లడమే మానేసింది. పోయిన వానాకాలంలో ఆ కుక్క చనిపోయింది.

ఇప్పుడు ఫోను తెరిస్తే ఈ కుక్కల గురించి అన్నీ చెప్తుంది, పొట్టకి కప్పే బట్టలు కూడా దొరుకుతున్నాయి. అప్పుడు నాకు అవేవీ తెలియవు అని సర్దిచెప్పుకోవచ్చు. కానీ డాక్టరు ముందు ఒక్క మాట చెప్పడానికి ఇవేవీ తెలియనక్కర్లేదు.

ఆసుపత్రి నుంచి నేరుగా నెల్లిమర్ల వెళ్లాను. అక్క ముందే, అత్తగారి మంచం పక్కన కూర్చుని జరిగింది చెప్పాను.

“పోయేదాకా నా ఒళ్లోకి రానియ్యనేదురా దాన్ని” అంది ఆవిడ.

“తప్పయిపోనాదత్తా” అన్నాను.