అత్త చేతి సున్నం

గొంతులో చేపముల్లు గుచ్చుకుంటే ఒట్టి అన్నం ముద్ద మింగమంటారు. దిగిపోతుందట. నేను ముప్ఫై ఏళ్ళుగా ముద్దలు మింగుతూనే ఉన్నాను, ముల్లు మాత్రం ఉన్నచోటే ఉంది. ఇవాళ దాన్ని బయటికి లాగుదామని కూర్చున్నాను. గుండె దడదడ కొట్టుకుంటోంది. భయం కాదండీ, సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఉత్సాహమే. మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసినవాళ్ళకు చెప్పబోయిన ప్రతిసారీ మాట మార్చి వాన సంగతో క్రికెట్ సంగతో ఎత్తుకున్నాను.

ముందు తొట్టి గురించి చెప్పనివ్వండి. తప్పు దగ్గరికి వస్తాను, పారిపోను. కానీ ఆ తొట్టి ఎంత అందంగా ఉండేదో తెలియకపోతే నేను చేసింది ఎంత పాడుపనో మీకు అర్థం కాదు.

తొంభైల నాటి మాట. మాది మద్రాసులో పురసవాక్కం, తాతల కాలం నుంచీ అక్కడే. నేను తిరువొత్తియూరులో ఒక రసాయనాల ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేసేవాణ్ణి. వచ్చిన సరుకులో ఆమ్లమెంత, క్షారమెంత కొలిచి చెప్పడం నా ఉద్యోగం. ఓడల్లో తిరిగే స్నేహితుడొకడు ఒకసారి విదేశీ పత్రిక ఒకటి తెచ్చి నా ఒళ్ళో పడేశాడు. తిప్పితే ఒక బొమ్మ. ఎవరింట్లోనో, సోఫా పక్కన, గాజుతొట్టిలో సముద్రం! బంగారు చేపలూ ప్లాస్టిక్ మొక్కలూ కాదు. బతికున్న పగడాలు. పగడమంటే ఉంగరంలో పొదిగే రాయి అనుకునేవాణ్ణి నేను. అది ప్రాణి అనీ, నీళ్ళలోని సున్నాన్ని తీసుకుని తన ఇల్లు తానే కట్టుకుంటుందనీ చదివేసరికి పిచ్చెక్కిపోయింది. ఆ వారమంతా కనబడినవాళ్ళందరికీ అదే చెప్పాను. బస్సు కండక్టరుకు కూడా చెప్పాను.

ఇక చూడండి నా అవస్థ. ఒడ్డు దగ్గరి నీళ్ళు పనికిరావని, కట్టుమరం మీద లోపలికి వెళ్ళే జాలరి ఒకాయన్ను బతిమాలి క్యాన్లలో నీళ్ళు తెప్పించుకునేవాణ్ణి. ఆ క్యాన్లు ఎలక్ట్రిక్ ట్రైన్లో ఎక్కిస్తుంటే జనం, ఏమప్పా సముద్రాన్నే ఇంటికి మోసుకుపోతుండావా అని వెక్కిరించేవాళ్ళు. రామేశ్వరం వైపు నుంచి తడి గోనెసంచుల్లో రాళ్ళు వచ్చాయి, వాటిమీద పగడాలు. వెనకే నాలుగు రకాల సముద్రపు చేపలూ వచ్చాయి. కానీ అసలు పని అంతా నీళ్ళతోనే. మద్రాసు ఎండకు నీళ్ళు ఆవిరైపోతే ఉప్పు పెరిగేది. మంచినీళ్ళు పోసి ఉప్పు తగ్గిస్తే సున్నం తగ్గేది. సున్నం పెంచితే క్షారం ఎగిరేది. ఒకరిని బుజ్జగిస్తే ఇంకొకరు అలిగే ఉమ్మడి కుటుంబం అనుకోండి. ల్యాబులో రోజంతా కొలిచి వచ్చి ఇంట్లో మళ్ళీ కొలిచేవాణ్ణి, విసుగన్నది లేదు. లెక్క సరిగ్గా కుదిరిన రోజు పగడాలన్నీ విచ్చుకునేవి. అప్పుడు అమ్మను కూడా పొయ్యి దగ్గర నుంచి లాక్కొచ్చి చూపించేవాణ్ణి.

ఇప్పుడు అత్త. నాగరత్నమత్త, మా నాన్నకు అక్క. చిన్నవయసులోనే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. నాన్న పోయాక కూడా మాతోనే ఉంది. పెళ్ళిళ్ళకు ఆమెను ముందుకు రానిచ్చేవాళ్ళు కాదు, ఆ కాలం అలాంటిది. కానీ ఆమె హస్తవాసి మాత్రం వీధి మొత్తానికీ కావాలి. ఆవకాయ జాడీలో మొదటి పిడికెడు ఉప్పు ఆమే వెయ్యాలి. సొరవిత్తు ఆమే నాటాలి. పసిబిడ్డకు నీళ్ళు పొయ్యాలంటే పక్క వీధివాళ్ళు కూడా వచ్చి పిలుచుకుపోయేవాళ్ళు. ఎవరైనా వచ్చి అడిగితే కొంగుకు చెయ్యి తుడుచుకుని లేచేది చూడండి, ఆ లేవడంలో ఒక దర్జా ఉండేది. ఆమెకని ఈ లోకంలో ఉన్నది ఆ ఒక్క మర్యాదే. నాకది తెలుసు. తెలిసే చేశాను.

తొట్టిలో మొదటి రాయి కూడా నేనే ఆమె చేత పెట్టించాను. నీ చెయ్యి మంచిది, నువ్వు పెట్టత్తా అన్నాను. పగడాలకు పొయ్యాల్సిన మందు పేరు పత్రికలో చదివి నేను ఎగిరి గంతేశాను. కాల్షియం హైడ్రాక్సైడ్! అంటే ఏమిటి? అత్త తమలపాకుకు రాసుకునే సున్నం! ఆమె తాంబూలం ప్రియురాలు. గుల్లసున్నం ఒక జాడీలో నీళ్ళతో కలిపి, అడుగుకు దిగనిచ్చి, పైన తేట మాత్రం వంచి ఇచ్చేది. మిఠాయి చేసేటప్పుడు బూడిదగుమ్మడి ముక్కలు నానబెట్టడానికి ఎన్నోసార్లు చేసిన పనేనట. మెడికల్ షాపులో సెలైన్ ఎక్కించే గొట్టం కొనుక్కొచ్చి ఆ తేటను తొట్టిలోకి చుక్క చుక్కగా వదిలేవాణ్ణి. సున్నపు తేటకు ఘాటెక్కువ. ఒక్కసారిగా పడితే చేపల మొప్పలు కాలిపోతాయి. అందుకే చుక్కలు. అత్త మోడా వేసుకుని ఎదురుగా కూర్చుని, ఎవరికిరా జ్వరం అని నన్ను ఏడిపించేది.

నారింజరంగు చేప ఒకటి ఆమెకు బాగా మాలిమి అయింది. పొద్దున్నే స్నానం చేసి వచ్చి వేళ్ళు నీళ్ళలో ముంచేది, అది వచ్చి పొడిచేది. ఆమె నవ్వేది. మా ఇంట్లో ఆమె అంత గట్టిగా నవ్వడం నేను అంతకుముందు వినలేదు.

సౌకార్‌పేటలో టోకు వ్యాపారం చేసే పెద్దమనిషి ఒకాయన చెవిన నా తొట్టి సంగతి పడింది. ఆదివారం కుటుంబంతో వచ్చి చూస్తానన్నాడు. నచ్చితే తన కొత్త ఇంట్లో గోడంత తొట్టి కట్టించుకుంటానన్నాడు. నాకు నిద్రపట్టలేదు. ఫ్యాక్టరీకి దండం పెట్టి బయటపడొచ్చు, ఇదే పనిగా బతకొచ్చు. కానీ ఆ వారం కరెంటు కోతలు, నాకు ఓవర్‌టైము. తొట్టిని పట్టించుకోలేదు. ఆదివారం పొద్దున చూస్తే పగడాలన్నీ ముడుచుకుని ఉన్నాయి. కొలిస్తే క్షారం పడిపోయింది. వాళ్ళు వచ్చే వేళవుతోంది. అమ్మ వంటింట్లో బజ్జీలకు పిండి కలుపుతోంది.

చుక్కలతో ఎప్పటికి తేరుకుంటాయి? నేనే అనుకున్నాను, ఈ ఒక్కసారికి కొంచెం పోస్తే ఏమవుతుంది? కొంచెం పోశాను. ఏమీ కాలేదు. ఇంకొంచెం పోశాను. అప్పుడు నన్ను ఏ దయ్యం పట్టిందో, జాడీ ఎత్తి తేటతోపాటు అడుగున ఉన్న సున్నపు ముద్దంతా కుమ్మరించేశాను. ఎవరూ చూడలేదు. జాడీ కడిగి బోర్లించాను కూడా. ఎందుకు కడిగాను? అప్పటికే అబద్ధానికి సిద్ధపడ్డానా?

నీళ్ళు గంజిలా తెల్లబడ్డాయి. చేపలు గాజుకు కొట్టుకున్నాయి, తరవాత పక్కకు ఒరిగి తేలాయి. నారింజరంగుది కూడా. సరిగ్గా అప్పుడే గుమ్మంలో చెప్పుల చప్పుడు. పెద్దమనిషి, ఆయన భార్య, పిల్లలు. అమ్మ పరుగెత్తుకొచ్చి, ఏమైందిరా అంది. అందరూ నా వైపే చూస్తున్నారు. ఇంతలో అత్త వచ్చింది. వచ్చినవాళ్ళకు తాంబూలం కడుతున్నట్టుంది, వేలి కొనకు తెల్లగా సున్నం అంటి ఉంది.

నేను ఆ వేలు చూశాను.

"అత్తా, పొద్దున సున్నం చేత్తో నీళ్ళలో చెయ్యి పెట్టినావా?"

అంతే. నేనన్నది అంతే. ఆమె తొట్టి వైపు చూసింది. తన వేళ్ళు చూసుకుంది.

"పెట్టినాను రా. దినమూ పెట్టేదే కద. కడుక్కున్నాననుకుంటి... లేదో ఏమో. అయ్యో, నా చెయ్యేనా ఇంత పని చేసింది?"

నేను తల ఊపానా? ఊపలేదనే చాలా ఏళ్ళు నన్ను నేను నమ్మించుకున్నాను. నేను అబద్ధం చెప్పలేదు, అడిగానంతే, ఒప్పుకున్నది ఆమే. ఎంత తెలివైన వాదన! వేలి కొనకంటిన సున్నం అంత తొట్టిని ఏమీ చెయ్యలేదు. ఎంత సున్నానికి ఎన్ని నీళ్ళు ఎలా మారతాయో లెక్కగట్టడమే నాకు కూడు పెట్టిన విద్య. ఆ హాల్లో ఆ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. అత్త తన వేళ్ళ కన్నా నా చదువును ఎక్కువ నమ్మింది.

పెద్దమనిషి మంచివాడు. పాపం ముసలావిడ, తెలియక జరిగింది అన్నాడు. ఆ చచ్చిన తొట్టి ముందే నిలబడి నాకు పని అప్పగించాడు. నేనే పోశానని చెప్పి ఉంటే? తన తొట్టినే కాపాడుకోలేనివాడికి ఎవడిస్తాడు? ఆ సాయంత్రం నేను సంతోషించాను. అవునండీ, సంతోషించాను, గాల్లో తేలాను. అత్త ఒక్కతే కూర్చుని చచ్చిన చేపలను చేటలోకి ఏరుతోంది.

వ్యాపారం బాగా సాగింది. పురసవాక్కం నుంచి మొదలుపెట్టి ఎన్ని ఇళ్ళలో తొట్లు కట్టానో. కట్టిన ప్రతిచోటా జాగ్రత్తలు చెప్పేవాణ్ణి కదా, అందులో ఈ కథ ఒకటి. మా అత్త సున్నం చేత్తో నా మొదటి తొట్టిని ఎలా చంపిందో అభినయించి మరీ చెప్పేవాణ్ణి. ఇంట్లో తాంబూలం వేసుకునే పెద్దవాళ్ళుంటే తొట్టి దగ్గరికి రానివ్వకండి అనేవాణ్ణి. అందరూ పడీపడీ నవ్వేవాళ్ళు. తప్పు దాచడం ఒక పాపం. దాన్ని సరుకుగా చేసి అమ్ముకోవడాన్ని ఏమంటారు?

అత్త ఆ ఆదివారంతోనే తాంబూలం మానేసింది. అంతటితో ఆగితే బాగుండేది. ఆవకాయ రోజుల్లో ఎదురింటివాళ్ళు పిలవడానికి వస్తే, ఒంట్లో బాగాలేదంది. మరుసటి ఏడూ అదే మాట. తరవాత వాళ్ళూ పిలవడం మానేశారు. సొరపాదు పెట్టలేదు. హాల్లోకి వస్తే చేతులు కొంగులో దాచుకుని నిలబడేది. అమ్మ కూడా గమనించి, వయసు మీదపడుతోంది పాపం అంది. నేను అవునన్నాను.

తరవాత నాకు పెళ్ళయి కూతురు పుట్టింది. నా భార్య పుట్టింటి నుంచి బిడ్డను తీసుకొచ్చింది. అమ్మకు మోకాళ్ళ నొప్పులు, పీట మీద కూర్చోలేదు. బిడ్డకు నీళ్ళు పొయ్యడానికి అత్త ఉండనే ఉంది కదా అని అందరూ అనుకున్నారు. అత్త వంటింటి గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. నేనే బిడ్డను ఎత్తుకెళ్ళి అందించబోయాను. చేతులు చాచింది. చాచి, మళ్ళీ వెనక్కి తీసుకుంది.

"వద్దు రా నాయనా," అంది. "ఈ చెయ్యి సంగతి నీకు తెలుసు కద. పసిది. ఎవరైనా ఆయాను మాట్లాడుకోండి."

నీకు తెలుసు కద, అంది. తెలుసు! ఆ ఇంట్లో నాకొక్కడికే తెలుసు. ఒక్క మాట చాలు. నువ్వు కాదత్తా, నేను పోశాను. అప్పటికి నాకు పోయేదేముంది? వ్యాపారం నిలబడింది, పెద్దమనిషి స్నేహితుడయ్యాడు, చేపలు చచ్చి ఏళ్ళయింది. ఆమె మొహంలోకి చూశాను. నోరు తెరిచాను కూడా.

"సరేలే అత్తా," అన్నాను.

ఆ ఆదివారం చేసింది భయంతో చేశానని సర్దిచెప్పుకోవచ్చు. దీనికేం చెప్పను? భయం లేదు, తొందర లేదు, ఎదురుగా ఆమె తప్ప ఎవరూ లేరు. బిడ్డను ఎత్తుకుని వెనక్కి వచ్చేశాను. ఆమె నా కూతుర్ని ఎత్తుకోకుండానే, కనీసం బుగ్గ నిమరకుండానే పోయింది. దూరంగా కూర్చుని మాటలతోనే ఆడించేది. పిల్ల పాకుతూ దగ్గరికి వెళ్తే కొంగు ముడిని అందించేది గాని చెయ్యి అందించేది కాదు.

మొన్న చుట్టాలింట్లో పెళ్ళికి వెళ్ళాం. నా కూతురికి ఇప్పుడు ఒక పిల్ల. మేం భోజనాల బంతిలో కూర్చోగానే, ముందు బంతిలో తిన్నవాళ్ళకు ఎవరో ఆకువక్క పంచుతుంటే, మా కూతురు తన బిడ్డను వెనక్కి లాగి, సున్నం జాగ్రత్త అని, నా తొట్టి కథ ఎత్తుకుంది. మా నాగరత్నమ్మ అవ్వది ఎంత చెడ్డ చెయ్యో అని మొదలుపెట్టింది. నా అభినయంతో సహా దించేసింది. బంతి బంతంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ చిన్నదానికి మాటలింకా సరిగ్గా రావు, అది కూడా చప్పట్లు కొట్టి నవ్వింది. ఆ రోజు నేను విస్తరి ముందు నుంచి అన్నం ముట్టకుండా లేచాను.

క్షమించేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. అత్త లేదు, అమ్మ లేదు. ఉన్నా అడిగే మొహం నాకు లేదు. మీరు క్షమించమాకండి, ఆ హక్కు మీది కాదు. నా కూతురికి ఈ కాగితాలు ఇవ్వాలి. ఇస్తాను. రేపు పొద్దున్నే ఇస్తానని రాయబోయి ఆగాను, నా మాట మీద నాకే అంత నమ్మకం లేదు. అందుకే ముందు మీకు చెబుతున్నాను.

ఇదిగో, రాస్తున్నాను. ఆ తొట్టిలో సున్నం పోసింది నేను. నాగరత్నమత్త కాదు. ఆమె చెయ్యి చాలా మంచిది.

అమ్మయ్య. ఇప్పుడు మీకు కూడా తెలుసు.