మంచు పోస్టులో ఇత్తడి ఫిల్టరు

ఉదయం ఎనిమిదింటికి సరిహద్దు పోస్టు చేరాము. ఉత్తరపు గాలి. ఎదుట మంచు, వెనుక లోయ, మధ్యలో సన్నని రాతి గట్టు. రెండు బంకర్లు, ఒక రేడియో, ఒక కిరోసిన్ స్టవ్. నా వీపుసంచిలో ఆదేశించిన సామానంతా ఆదేశించిన వరుసలోనే ఉంది. దాని అడుగున, ఏ ఆదేశంలోనూ లేని వస్తువు ఒకటి: నా భార్య తిరుపతిలో కొని ఇచ్చిన ఇత్తడి కాఫీ ఫిల్టరు. పక్కనే గాలి చొరని డబ్బాలో, చికోరీ కొద్దిగా కలిపించిన పొడి.

కాఫీకి ఒక క్రమం ఉంది. పై గిన్నెలో పొడిని సమంగా పరచాలి. చిల్లుల బిళ్ళను దానిపై ఆనించాలి, అదమరాదు. సలసల కాగిన నీళ్ళు చుట్టూ తిప్పుతూ పోయాలి. మూత పెట్టి ఓపిక పట్టాలి. చిత్తూరులో మా ఇంట ఈ పద్ధతి ఎన్నడూ తప్పలేదు.

అక్కడ మొదటి రోజే తప్పింది. కింది గిన్నెలోకి దిగినది డికాక్షను కాదు, రంగు నీళ్ళు. రేడియో ఆపరేటరు ఒక గుక్క తాగి ముఖం చిట్లించాడు. అతనిది నగరిలో చేనేత కుటుంబం.

"ఏందన్నా ఇది? మా ఇంట్లో నూలుకు రంగేసి పిండినాక మిగిలే నీళ్ళు ఇట్టనే ఉంటాయి."

రెండవసారి పొడి రెట్టింపు వేసి, బిళ్ళను గట్టిగా అదిమాను. నీళ్ళు పైననే నిలిచిపోయాయి. కాసేపటికి వాటిమీద మంచు పొర కట్టింది. మూడవసారి, ఆపరేటరు సలహాపై, ఫిల్టరుకు ఉన్ని మేజోడు తొడిగాము. వేడి నిలిచింది గానీ రుచి రాలేదు. పైగా వాసన.

"ఈ మేజోడు ఎవరిది?" అని అడిగాను.

"నీదేనన్నా. నాది తొడిగితే నువ్వు ఊరుకుంటావా?"

మా పోస్టు కమాండరు ఉత్తరాది యువ లెఫ్టినెంటు. టీ మనిషి. ఆ సాయంత్రం ఫిల్టరును చేతిలో తూచి చూశాడు.

"హవల్దార్, ఇక్కడ పనికిరాని బరువుకు చోటు లేదు. రేపు సామాను మోసే కూలీలు వస్తారు. వాళ్ళు దిగేలోపు తాగదగిన కాఫీ రాకపోతే ఈ గొట్టం కిందికి పోతుంది."

ఆదేశం న్యాయమైనది. ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే చెప్పేవాణ్ణి. అయినా చలికాలమంతా పాలపొడి టీతో గడపడమనే ఊహే నాకు మింగుడు పడలేదు.

అప్పుడే వంటవాడు అన్నానికి కుక్కరు పెట్టాడు. విజిల్ మోగింది. నేను దిగ్గున లేచాను. తప్పు పొడిది కాదు, నీళ్ళది! ఆ ఎత్తులో నీళ్ళు తగినంత వేడెక్కకముందే మరుగుతాయి. అన్నమే కుక్కరు లేనిదే ఉడకనప్పుడు, కాఫీ సారం ఎలా దిగుతుంది? ఫిల్టరునే కుక్కరులో పెట్టాలి.

వంటవాడిది పలమనేరు. కుక్కరును రెండు చేతులా పట్టుకున్నాడు.

"నేనీయనన్నా. అన్నం కాఫీ కంపు కొడితే ఆ సారు నన్ను గూడా మూటలో కట్టి పంపిస్తాడు."

"నేను తోమి ఇస్తాను."

"బూడిదతోనా?"

"బూడిదతోనే."

తెల్లవారాక ఫిల్టరులో పొడి పరిచాను. బిళ్ళను ఆనించాను, అదమలేదు. మరిగే నీళ్ళు పోసి మూత పెట్టాను. కుక్కరు అడుగున కొద్దిగా నీళ్ళు, వాటిలో చిన్న ముక్కాలిపీట, దానిపై ఫిల్టరు. స్టవ్ మంట పెంచాను. ఈలోగా కూలీలు వచ్చి, కిందికి పోవలసిన మూటలు కట్టారు. చివరి మూట మాత్రం మూతి తెరిచే ఉంది. ఒక ముసలి కూలీ చేతిలో తాడు పట్టుకుని, బంకరు గుమ్మంలో ఫిల్టరు కోసం కూర్చున్నాడు.

విజిల్ మోగింది. మంట ఆర్పాను. ఆపరేటరు విజిల్ ఎత్తబోయాడు.

"ముట్టుకోవద్దు! ఇప్పుడు ఆవిరి వదిలితే లోపల నీళ్ళు ఎగదన్నుతాయి. పొడంతా పైకొస్తుంది."

"కూలోళ్ళు పోతాండారన్నా!"

"పోనీ. ఇది దానంతట అది దిగాలి."

 కమాండరు గడియారం చూసుకున్నాడు. చివరికి ఆవిరి దానంతట అదే సద్దుమణిగింది. మూత తీశాను. బంకరంతా వాసన! కింది గిన్నెలో చిక్కని, నల్లని డికాక్షను. పాలపొడితో కాచిన వేడి పాలు కలిపి, పై నుంచి ఎత్తి పోసి, నురగతో కమాండరుకు అందించాను. ఆయన తాగాడు.  ఖాళీ మగ్గును మళ్ళీ ముందుకు చాపాడు. బంకరులో అందరూ ఒక్కసారిగా కేకలు వేశారు.

రేడియో గరగరలాడింది. పక్క పోస్టు: "ఏమిటా కేకలు? అంతా క్షేమమా? ఓవర్."

"క్షేమం. కాఫీ దిగింది. ఓవర్."

పోస్టింగు ముగిశాక రేణిగుంటలో రైలు దిగినప్పుడు ఆ ఫిల్టరు నా సంచిలో అడుగున కాదు, పైన ఉంది. ఇప్పుడు మా వీధివాళ్ళు ఏ కాఫీ యంత్రం కొనాలని నన్ను అడుగుతారు. యంత్రం తరువాత, ముందు క్రమం నేర్చుకోమంటాను. పొడి తాజాగా, కొద్దికొద్దిగా ఆడించుకోండి. నీళ్ళు నిజంగా కాగనివ్వండి. పొడిని అదమకండి. దిగేదాకా ముట్టుకోకండి. ఇవి పాటిస్తే ఇత్తడి ఫిల్టరు చాలు.

నేటికీ ఉదయం ఫిల్టరు మూత తీసి ఆ వాసన పీల్చగానే ఆ బంకరు గుమ్మమే కనిపిస్తుంది. కమాండరు ఇంకా మొదటి గుక్కయినా తాగలేదు. ముసలి కూలీ ముక్కుపుటాలు అదిరాయి. నా వైపు ఒకసారి చూశాడు. ఎవరూ చెప్పకుండానే, చేతిలోని తాడుతో, ఫిల్టరు లేని ఆ మూట మూతి బిగించి ముడి వేశాడు.