గుట్ట వెనక తొవ్వ

మొన్న ద్వాదశి పారణకు వెల్లుల్లి వేయకుండా పల్లీల పొడి పట్టి మిక్సీ మూత తీశాను. ఆ వాసన నన్ను వంటింట్లో నిలవనివ్వలేదు. గద్వాలలో మా మగ్గాల వీధికి, ఉగాది బక్షాల తీపి ఇంకా నాలుక మీద ఉండగానే నియమాలు మొదలైన, నాకు పదేళ్లున్న ఆ ఎండాకాలానికి లాక్కుపోయింది.

మా వీధి భజన బృందం ఏటా చైత్ర పౌర్ణమికి నల్లమలలో ఒక గుట్ట ఎక్కేది. నాగర్‌కర్నూల్ దాటి బస్సు దిగి, ఒక పగలంతా అడవిలో నడిస్తే గుట్ట మొదలు వచ్చేది. అక్కడి నుంచి బండల పగుళ్లలో వేళ్లు దూర్చి, చెట్ల వేర్లు పట్టుకొని, ఒకరి భుజం మీద ఒకరు కాలు మోపి ఎక్కితే పైన గుహలో నరసింహస్వామి. నాయిన బృందానికి పెద్ద కాబట్టి ఏర్పాట్లన్నీ మా ఇంట్లోనే. జొన్నరొట్టెలు కరకరలాడేలా కాల్చి, వెల్లుల్లి లేని పల్లీల పొడితో మూటలు కట్టడం, సొరకాయ బుర్రలు కడిగి నీళ్లు నింపి కారుతున్నాయేమో చూడటం, ఒకవైపు పారాయణం నడుస్తుంటే మరోవైపు మగ్గం మీద స్వామికి జరీ అంచు పంచె దిగడం, అన్నీ ఆ ఒక్క గదిలోనే జరిగేవి.

గుహ పైన తేనెతుట్టెలు వేలాడేవి. బృందంలో ఒక్కరు నియమం తప్పి ఉల్లి, వెల్లుల్లి, నీచు ముట్టినా అవి అందరి మీదికీ లేస్తాయని మా నమ్మకం. అందుకే ఆ పదిహేను రోజులు మా వీధిలో భక్తి ఎంత ఉండేదో అనుమానమూ అంతే ఉండేది. పొద్దు గూకే వేళ నాయిన పనేమీ లేకపోయినా వీధి చివరిదాకా నడిచి, ఎవరి పొయ్యి మీద ఏం ఉడుకుతోందో పసిగట్టి వచ్చేవాడు.

"ఏందయ్యా, ఇంటింటికి తిరిగి మూకుళ్ల వాసన జూస్తవు? కుక్క గూడ నీకంటె నయం" అనేది అమ్మ.

"తుట్టె లేసినంక నవ్వు, నేను గూడ జూస్త" అనేవాడు నాయిన.

మా నాయనమ్మను మేము జేజి అని పిలిచేవాళ్లం. ముప్పై ఏళ్లు ఆ గుట్ట ఎక్కిన మనిషి, అంతకు ముందటి ఏడాది మోకాళ్లు పట్టేసి సగంలోనే కూర్చుండిపోయింది. దర్శనం కాకుండానే ఆమెను కిందికి దించారు. ఈసారి పంచె నూలుకు కండెలన్నీ తనే చుట్టింది. "ఒక్కపారి నా చేత్తోని స్వామి పాదాల కాడ పెడ్త, గంతే" అని రోజూ అడిగేది. నాయిన మగ్గం గుంటలోకి దిగి నేతలో పడేవాడు.

అప్పుడు వచ్చాడు బాలప్ప. గోపాల్‌పేట దగ్గర మెట్ట సేద్యం చేసే రైతు, బిడ్డ పెళ్లి చీర కోసం మా ఇంటికి వచ్చాడు. జేజి మాటలు విని చెప్పులు విడిచి, నవ్వుతూ గడప దగ్గర కూర్చున్నాడు.

"అన్నా, గుట్ట ఎనక దిక్కు పసులు పొయ్యే తొవ్వ ఒకటుంది. ఎండకాలం మేతకు అడివికి తోల్కపోయినప్పుడు తప్పిపోయిన బర్రెను దేవులాడుకుంట పోతే దొరికింది. జర చుట్టు గని, ముసలవ్వ కూసుంట లేసుకుంట ఎక్కుతది. నేను ముందల ఉండి తోల్కపోత."

"నీకేం లాభం?" అన్నాడు నాయిన.

"లాభమేంది? బిడ్డ లగ్గం చీర స్వామి కాడ పెట్టి తేవాలె. ఒక్కణ్ణి పొయ్యేకంటె మీ అసుంటి భక్తులతోని పోతె మంచిది గద."

అతను వెళ్లాక ఇంట్లో అతని మాటే. జరీ పంచె మీద కన్నేశాడని ఒకరు, అడవిలో దొంగలకు అప్పగిస్తాడని ఒకరు. నాకూ అతని నవ్వు మంచిది కాదనిపించింది. దేవుడి మీద రవ్వంత సందేహం రానివ్వని మా ఇంట్లో మనుషుల్ని సందేహించడం జాగ్రత్త అనే పేరుతో చెలామణి అయ్యేది.

చీర తీసుకోవడానికి వచ్చినప్పుడు బాలప్ప తలగుడ్డ కొసలోంచి ఒక పసుపు దారం తీశాడు. ఏటా గుహ ముందున్న రేల చెట్టు కొమ్మలకు మా వాళ్లు తలా ఒక దారం కట్టి వచ్చేవారు. "ఎనక తొవ్వ మీద పోయి తెచ్చిన. ఒక కొమ్మ ఇరిగి పడుంటె, దాని మీద ఉండె. గిప్పుడన్న నమ్ముతవా?" అన్నాడు.

నాయిన దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. మగ్గం మీద తెగిన పోగును మేము సాలెవాళ్లం ముడి వేయం. ముడి ఉంటే చిక్కుకొని మళ్లీ తెగుతుంది. వేలికి బూడిద అద్దుకొని రెండు కొసల్నీ కలిపి పురి పెడతాం. ఆ దారానికి ముడి ఉంది.

"ఇది సాలోళ్ల చెయ్యి గాదు. ఏడనో దారం కొని ముడేసి తెచ్చినవు" అన్నాడు నాయిన.

బాలప్ప నవ్వు పోయింది. చీర చంకన పెట్టుకొని వెళ్లిపోయాడు. జేజి గోడవైపు తిరిగి పడుకుంది.

ఆ ఏడు జేజిని ఇంట్లో వదిలి, పాత దారినే వెళ్లాం. చివరి బండ మీదికి నాయిన నన్ను చెయ్యి పట్టి లాగాడు. దర్శనమయ్యాక అందరూ రేల చెట్టు దగ్గరికి చేరారు. గాలి విసురుగా కొడుతోంది, చేతులు చెమటతో తడిగా ఉన్నాయి, బూడిద ఎక్కడిది? నాయిన దారాన్ని కొమ్మ చుట్టూ తిప్పి, భజన చేస్తూనే చటుక్కున ముడి వేశాడు. వేసి ఆగిపోయాడు. ఆ చేత్తోనే కొమ్మను దగ్గరికి వంచాడు. కొమ్మ నిండా ఏళ్లనాటి మా దారాలు, ప్రతి దానికీ ముడే. తన చేయి ప్రతి ఏడూ ఏం చేసిందో ఆయన ఒక్కసారి కూడా చూసుకోలేదు. గుహ వెనక వాలు మీద పొదల మధ్యన ఎండిన పశువుల పేడ కనబడుతూ కొంత దూరం కిందికి పోయి అడవిలో మాయమైంది.

ఇంటికి రాగానే నాయిన జేజి కాళ్ల దగ్గర కూర్చొని అంతా చెప్పాడు.

"నా కాడేముంది? ముందుగాల ఆ బాలప్ప కాడికి పో" అంది జేజి.

మర్నాడే గోపాల్‌పేట పోయాడు. బిడ్డ పెళ్లి చేసి బాలప్ప ఇంటికి తాళం వేసి బొంబాయి దిక్కు కూలికి పోయాడని, వానలు పడితే వస్తాడని చెప్పారు. అతను లేకుండా ఆ దారి కింద ఎక్కడ మొదలవుతుందో కనుక్కోవాలని నాయిన రెండుసార్లు అడవికి పోయి, ముళ్లు గీరుకొని తిరిగి వచ్చాడు. వానలు పడ్డాయి. బాలప్ప వచ్చాడు. అప్పటికి జేజి పోయి పన్నెండు రోజులు. కబురు విని పెద్దకర్మకు వచ్చి, అందరితోపాటు విస్తట్లో అన్నం తిని, నాయినను ఒక్క మాట కూడా అనకుండా వెళ్లాడు.

ఇప్పుడు ఆ వీధిలో మగ్గాల చప్పుడు రెండిళ్లలోనే. పదిహేను రోజుల నియమం లేదు, రొట్టెల మూటలు లేవు. పాత దారికి ఇనుప కడ్డీలు పాతారు, పొద్దున ఎక్కినవాళ్లు మధ్యాహ్నానికి దిగుతున్నారు. పోయిన చైత్రంలో నేనూ ఎక్కి, స్వామికి మొక్కి, గుహ వెనక్కి వెళ్లి, అక్కడున్న కాపలా మనిషిని వెనక తొవ్వ ఏదని అడిగాను.

"గీడ తొవ్వెన్నడు లేదమ్మా. ఎవడో మీకు ఉత్తగ చెప్పిండు" అన్నాడు.

నేను అతని మాట నమ్మలేదు.