కాటా కంప్యూటరులో మాయమైన పట్టీ

2023 దసరా. ఎర్రగుంట్ల స్టేషన్ రోడ్డులో నేను కంప్యూటర్ రిపేరు షాపు పెట్టి అప్పటికి పదకొండేళ్లు. ఆయుధ పూజ మరునాడు మా ఊళ్లో పది గంటల దాకా ఎవరూ షట్టరెత్తరు. ఆ రోజు మాత్రం ఏడున్నరకే నా ఫోను మోగింది. సిమెంటు ఫ్యాక్టరీలకు పోయే దారిలో ఒక కాటా ఉంది. కాటా అంటే లారీని లోడుతో సహా తూచేది. ఫోను చేసింది దాని ఓనరు చెన్నప్పన్న.

"షాహీనమ్మా, నీ కంప్యూటరు సచ్చింది. కింద పట్టీ మాయమైంది. ఈడ పదహారు బండ్లు నిలబడి హారన్లు కొడతాండాయి. బిర్నా రా!"

"నీ కంప్యూటరు" అన్నాడు చూడండి! నాలుగేళ్లు నిక్షేపంగా పనిచేసినన్నాళ్లూ అది ఆయన కంప్యూటరే. పాడైన రోజున నాదైపోయింది.

ఆయన మాటలో కొంత నిజం కూడా లేకపోలేదు. అది ఒక్క జీబీ ర్యామ్ ఉన్న పాత డబ్బా. పాత సామాన్ల వాడికి అమ్మబోతుంటే నేనే అడ్డుపడి అందులో లైట్‌వెయిట్ ఆపరేటింగ్ సిస్టమ్ వేశాను. అంటే తక్కువ మెమొరీతో సరిపెట్టుకుని, ముసలి మెషీన్లను కూడా నడిపించే తేలికపాటి సిస్టమ్. అది లారీలు తూస్తూ స్లిప్పులు ఇస్తుంటే, ఆ దారిన పోయినప్పుడల్లా స్కూటీ ఆపి ఒకసారి చూసి పోయేదాన్ని. ఎవరేమనుకున్నా సరే, నాకు దాన్ని చూస్తే గర్వం.

ఆ కంప్యూటరు ముందు కూర్చునేది ఓబులమ్మక్క. నలభై ఆరేళ్ల మనిషి, పది ఫెయిలు. ఇరవై ఏళ్లు సిమెంటు మూటలు ఎత్తి దించి నడుము పోగొట్టుకుంది. ఎత్తే పని ఇక చేతకాదన్నప్పుడు, కాటాలో కూర్చుని బండి నంబరు కొట్టి స్లిప్పు తీసే పని ఇప్పించమని నేనే చెన్నప్పన్నను బతిమాలాను. నలభై రోజులు పక్కన కూర్చుని నేర్పించాను. మౌసు పట్టుకోవడానికే వారం పట్టింది. తర్వాత తర్వాత ఆమె వేళ్ల వేగం చూసి డ్రైవర్లే నోళ్లు తెరిచారు.

నేను చేరుకునేసరికి రోడ్డు మీద లారీల వరస. నిన్నటి బంతిపూల దండలు వాడి వేలాడుతున్నాయి, చక్రాల కింద చితికిన నిమ్మకాయలు. కాటా మీది ఎర్ర అంకెల మీటరు బరువు చూపిస్తూనే ఉంది. కానీ ప్రింటు స్లిప్పు లేకపోతే ఫ్యాక్టరీ గేటులో బండిని లోపలికి వదలరు. చేత్తో రాసిస్తే ఒప్పుకోరు.

గదిలోకి అడుగుపెడుతూనే నేను అన్న మొదటి మాట, "ఏం నొక్కినావక్కా?"

ఓబులమ్మ ముఖం మాడిపోయింది. "నేనేం ముట్టుకోలే పాపా. పొద్దున వచ్చి ఆన్ చేసినా. పటం వచ్చింది, కింద పట్టీ రాలే. తూకం సాఫ్ట్‌వేరు ఆ పట్టీలోనే గదా ఉండాది. యాడ నొక్కి తెరిసేది?"

చెన్నప్పన్న అందుకున్నాడు. "మూటలెత్తే చేతులకు మౌసు ఇస్తే ఇట్లనే ఉంటాది. పొద్దుటూరు నుంచి ఒక పిల్లోడు వస్తాండాడు. అంతా తుడిచేసి కొత్త సిస్టమ్ వేస్తాడంట. రేపట్నుంచి ఈడ వాడే కూర్చుంటాడు. ఓబులమ్మా, నువ్వు ఇంటికి పోయి రెస్టు తీసుకో."

రెస్టట! ఒళ్లు మండింది నాకు. ఆ ఉద్యోగం పోతే ఆమె మళ్లీ మూటల దగ్గరికే పోవాలి. ఆ నడుముతో రెండు రోజులు కూడా నిలవదు. పైగా ఫార్మాట్ చేస్తే నాలుగేళ్ల తూకాల రికార్డు మొత్తం గంగలో కలుస్తుంది.

"పిల్లోడు వచ్చేదాకా నాకు టైమియ్యన్నా" అని కుర్చీ లాక్కున్నాను.

స్క్రీన్ మీద లక్ష్మీదేవి పటం నిండుగా ఉంది. పూజ కోసం ఓబులమ్మే నిన్న పొద్దున పెట్టిందట. కింద ఉండాల్సిన టాస్క్‌బార్ లేదు. ఇక్కడ చదివేవాళ్లకు ఒక మాట చెప్పాలి. ఈ తేలికపాటి సిస్టమ్‌లలో టాస్క్‌బార్‌ను ప్యానెల్ అంటారు. అది విడిగా నడిచే చిన్న ప్రోగ్రాం. అది పడిపోయినా కంప్యూటరు మాత్రం లోపల బాగానే ఉంటుంది. మెనూ, గడియారం కనిపించక మనమే కంగారుపడతాం.

కంట్రోల్, ఆల్ట్, టీ మూడూ కలిపి నొక్కాను. నల్లటి కిటికీ తెరుచుకుంది. దీన్ని టెర్మినల్ అంటారు. మౌసుతో పని లేకుండా సిస్టమ్‌కు మాటలతో ఆజ్ఞలిచ్చే చోటు. ప్యానెల్ ఎక్కడ ఉండాలి, ఏ బటన్లు చూపించాలి అనే వివరాలన్నీ ఒక సెట్టింగుల ఫైల్లో ఉంటాయి. ఆ ఫైలు వెతికి పట్టుకున్నాను. సైజు సున్నా! ఫైలు పేరుంది, లోపల ఒక్క అక్షరం లేదు. సెట్టింగు రాసుకుంటున్న క్షణంలో కరెంటు పోతే ఇలా జరుగుతుంది.

ఆ ఫైలు చివరిసారి ఎప్పుడు మారిందో దాని పక్కనే టైము ఉంటుంది. నిన్న పొద్దున, తొమ్మిది నలభై.

"అక్కా, నిన్న తొమ్మిదిన్నర, పది మధ్యలో నువ్వు యాడుండావు?"

"బజారుకు పోయింటి గదా పాపా, గుమ్మడికాయకూ పూలకూ. అన్నే పంపించె. నేనొచ్చేసరికి అన్ని సామాన్లకూ బొట్లు పెట్టేసి ఉండాయి. పూజ గదా, నిన్న మళ్లీ ఆన్ చేయలే."

"కరెంటు పోయిందా అప్పుడు?"

"నిన్న పోనే పోలే" అన్నాడు కిటికీ దగ్గర నిలబడ్డ ఒక డ్రైవరు. "పొద్దున్నుంచీ మైకు మోగుతానే ఉండె."

నేను చెన్నప్పన్న వైపు చూశాను. ఆయన మీటరు మీది అంకెల వైపు చూస్తున్నాడు.

"అన్నా, కంప్యూటరుకు బొట్టు పెట్టింది ఎవురు?"

 ఆయన మెల్లగా అన్నాడు. "నేనేనమ్మా. తడిగుడ్డతో మౌసు తుడిసినా. ఏందేందో మెనూలు లేసినాయి. మూసుకోలే. సరే, కడిగేటప్పుడు బండికి ఇంజను ఆపుతాం గదా అని... ప్లగ్గు పీకేసినా."

కాటా పెట్టకముందు ముప్పై ఏళ్లు లారీ స్టీరింగు పట్టిన మనిషికి అది తప్పని ఎలా తోస్తుంది? లారీని ఎంత భక్తిగా తుడిచేవాడో దీన్నీ అంత భక్తిగానే తుడిచాడు. ఆయన మీద కోపం సగం దిగిపోయింది. మిగిలిన సగం నా మీదికే మళ్లింది. ఎందుకంటే ఓబులమ్మను దోషిలా నిలబెట్టింది ఆయన ఒక్కడే కాదు. నలభై రోజులు నేర్పించిన నేను కూడా, గదిలోకి రాగానే, ఫైలు చూడకముందే, ఏం నొక్కినావని ఆమెను అడిగేశాను. సిగ్గేసింది.

కుర్చీ లోంచి లేచాను. "అక్కా, కూర్చో. ఇది నువ్వే తేవాల."

"అయ్యో, నాకెట్ల వస్తాది పాపా ఆ నల్లదాంట్లో!"

"నంబర్ ప్లేటు కొట్టినట్టే. నేను చెప్తా, నువ్వు కొట్టు."

మూడు ఆజ్ఞలు. ఖాళీ ఫైలును పారేయకుండా పేరు మార్చి పక్కన పెట్టడం ఒకటి. సిస్టమ్‌తో పాటు వచ్చే అసలు సెట్టింగుల ఫైలును దాని స్థానంలోకి కాపీ చేయడం రెండోది. ప్యానెల్‌ను మళ్లీ మొదలుపెట్టడం మూడోది. ఒక్కో అక్షరం పైకి చదువుకుంటూ కొట్టింది. రెండో దాంట్లో ఒక చుక్క మరిచిపోయింది, సిస్టమ్ కుదరదంది. తానే చూసుకుని దిద్దుకుంది. కిటికీ బయట డ్రైవర్లు హారన్లు మానేసి తలలు లోపలికి పెట్టారు.

మూడో ఆజ్ఞకు ఎంటర్ నొక్కగానే లక్ష్మీదేవి పాదాల కింద బూడిదరంగు పట్టీ, మెనూ, గడియారం టక్కున వచ్చి కూర్చున్నాయి.

"వచ్చిందప్పా!" అని కేకేసింది ఓబులమ్మ. బయట ఎవరో ఈల వేశారు. తూకం సాఫ్ట్‌వేరు బొమ్మను పట్టీలో తనే పెట్టుకుని మొదటి బండి స్లిప్పు తీసింది. ప్రింటరు శబ్దం నా చెవులకు అంత కమ్మగా ఎన్నడూ వినిపించలేదు. నా చేత్తో బాగుచేసిన వందల మెషీన్లకన్నా, నా చెయ్యి పడకుండా బాగైన ఆ ఒక్కటే నాకు ఎక్కువ.

చెన్నప్పన్న ఫోను తీశాడు. "నువ్వు రాబాకప్పా. మా ఓబులమ్మ చేసేసింది" అని పొద్దుటూరు పిల్లోడికి అందరూ వినేలా చెప్పాడు. తర్వాత ఆమె వైపు తిరిగి, "అనరాని మాటన్నా, మనసులో పెట్టుకోవద్దమ్మా" అన్నాడు. నేనూ అదే మాట చెప్పుకోవాల్సి ఉంది. చెప్పాను కూడా.

రెండు నెలల తర్వాత ఓబులమ్మ ఫోను చేసింది. "పాపా, కమలాపురం దావలో కాటాకు గూడా నువ్వు ఇదే సిస్టమ్ వేసినావంట గదా. వాళ్లకూ పట్టీ పోయిందని ఆడ స్లిప్పులు తీసే పిల్ల నాకు ఫోన్ చేసె. బస్సెక్కి పోయి తెచ్చిచ్చినా. నీకు చెప్పకుండా పోయినానని కోపమా?"

"కోపమెందుకక్కా! నాకు కాలర్ ఎగరేసినట్టుండాది. అది సరే గానీ, పోతానే ఆ పిల్లను ఏమడిగినావు?"

"ఏం కనపడతాంది తల్లీ అని అడిగినా" అంది ఓబులమ్మ. "ఏం నొక్కినావని అడగలే."