నా పెడళ్లు, ఆయన మర్యాద

ఈ ఉదయం కంకిపాడు కాలవ గట్టు మీద కొత్త పెడళ్లతో సైకిలు తొక్కాను. ఇవి బూటును పట్టేసుకుంటాయి, మడమ తిప్పితే గాని వదలవు. మామూలు పెడళ్లు చాలన్న స్నేహితులతో పోట్లాడి మరీ కొన్నాను.

ఇరుకు గట్టు మీద ఎదురొస్తున్న ఒక ముసలి కూలీ నన్ను చూసి సైకిలు దిగి నిలబడ్డాడు. దొర కనబడితే దిగే ఆ పాత అలవాటంటే నాకు ఒళ్లు మంట. ఆగి, "ఇంకా ఎన్నాళ్లండీ ఈ బానిసత్వం? నాకెందుకు దిగాలి మీరు?" అని కేకలేశాను.

"మర్యాదకి కాదండీ బాబూ. మీ కాళ్లు ఇరుక్కుపోయుంటాయి గదా, చటుక్కున దిగలేరని నేనే దిగా. మొన్న మీలాంటాయన్నే కాలవలోంచి లాగాం" అన్నాడు.

క్షమించమనాల్సింది పోయి, ఈ పెడళ్లెంత మంచివో ఆయనకు ఉపన్యాసమిచ్చాను. ఓపిగ్గా విని వెళ్లిపోయాడు. ఆయన పేరైనా నేనడగలేదు. తప్పని తెలిశాక కూడా వాదించే ఈ జబ్బు నాకొక్కడికేనా, మీకూ ఉందా?