చల్లగా నడిచిన ఇంజన్

నిక్షేపంలా పనిచేస్తున్న సామానును కారులోంచి ఊడబీకి, ఊడబీకినందుకు మూడు వందలు కూలి పుచ్చుకుని, పైగా "నీకు ఎంత మిగిల్చానో చూడు" అని అవతలి మనిషి చేత దండం పెట్టించుకున్న మెకానిక్ విశాఖపట్నంలో ఎవరైనా ఉన్నాడా అంటే, ఉన్నాడు. నేనే. 2022 మే నెలలో, మద్దిలపాలెం వెనక సందులో ఉన్న నా షెడ్డులో, పట్టపగలు, పదినిమిషాల్లో చేసేశాను ఆ పని.

మా నాన్నది పూర్ణా మార్కెట్‌లో పప్పుల కొట్టు. చెప్పిన ధరకే ఎవరైనా సరుకు కొనుక్కుపోతే, ఇంకో రూపాయి ఎక్కువ చెప్పి ఉండాల్సిందని ఆయన రెండు రోజులు బాధపడేవారు. ఆ కొట్లో పెరిగినవాణ్ణి. ఎక్కాలకంటే ముందు బేరం నేర్చుకున్నాను. డీజిల్ బళ్ల పని ఆ తరువాత వచ్చింది. బేరం వచ్చినంత బాగా పని వచ్చిందా అన్నది మీరే తేల్చండి.

ఆ రోజు వచ్చింది సన్యాసినాయుడు. పద్మనాభం దగ్గర రెండెకరాల వరి చేను, పదమూడేళ్ల డీజిల్ కారు ఆయన ఆస్తి. రుషికొండ ఆఫీసులో పనిచేసే ఒకాయన దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. షికార్లకు కాదు. భార్య పైడమ్మకు రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి మూడు సార్లు డయాలసిస్. విశాఖ ఆసుపత్రిలో ఆ వైద్యం ఉచితమే గానీ, ఆసుపత్రి దాకా రావడం ఉచితం కాదు. రానూపోనూ ఎనభై కిలోమీటర్లు. ఆమె బస్సులో కూర్చోలేదు.

"హనుమంతవాక కాడ ట్రాఫిక్‌లో ఆగితే సాలు, టెంపరేచర్ ముల్లు పైకి లెగిపోతంది బావా. దారిలో ఆగిపోతే నాను నడిసెల్లిపోతాను, అదెల్లలేదు. మూడు సార్లూ తేవాల. అదొక్కటీ తప్పకూడదన్నాడు డాక్టరు."

రేడియేటర్ నిండా తుప్పు బురద. కడిగించాను. సమస్య అక్కడితో తీరిపోయింది, కానీ మా మెకానిక్కులకు ఒక ఆచారం ఉంది. ఇంజన్ వేడెక్కిందని బండి వస్తే థర్మోస్టాట్ వాల్వ్ తీసి అవతల పెడతాం. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపూ నీళ్లు రేడియేటర్‌లోకి పోకుండా మూసి ఉంచి, తగినంత వేడెక్కాక తెరుచుకునే చిన్న తలుపు అది. మా గురువు తీసేవాడు, ఆయన గురువూ తీసేవాడు. చలి దేశాల కోసం పెట్టిన సామాను మనకెందుకని అందరిదీ ఒకటే మాట.

"కొత్తది వేస్తే ఎనిమిది వందలు. మన ఎండకి ఇదెందుకు బావా? తీసేస్తే మూడు వందలతో పోతుంది" అన్నాను.

"రెండొందలు తీసుకో."

"తీసిందానికి పెట్టిందానికి కూలి ఒకటే."

"ఏటీ, తీసినా డబ్బులేనా? మీ నాన్న పప్పులో రాయి తీస్తే దానిక్కూడా డబ్బులు తీసుకునీవోడా?" అని నవ్వాడు. మూడు వందలూ ఇచ్చాడు.

పది రోజుల తరువాత దారిలో ఆగి మరీ మెచ్చుకున్నాడు. "ముల్లు కిందే ఉంటంది బావా. సల్లగా నడుస్తంది ఇంజను. దండం నీకు." నేను ఆ దండం తీసుకున్నాను.

వానలు పట్టాక మళ్లీ వచ్చాడు. లీటరుకి పదహారు ఇచ్చే బండి పదమూడు కూడా ఇవ్వడం లేదు. ఫుల్ టు ఫుల్ కొలిచాడు, అంటే ట్యాంకు నిండా కొట్టించి, తిరిగి, మళ్లీ నిండా కొట్టించి లెక్క చూశాడు. ఆయన లెక్క తప్పదు. ట్రిప్పుకి లీటరు అదనం.

టైర్లలో గాలి చూశాను, బ్రేకులు పట్టేస్తున్నాయేమో చూశాను. రెండూ బాగానే ఉన్నాయి. పోర్టు నుంచి ఎగిరొచ్చే బొగ్గుపొడితో ఎయిర్ ఫిల్టర్ నల్లగా ఉంది, మార్చాను. పెద్దగా తేడా రాలేదు. ట్యాంకులో పోసే మందు సీసా ఒకటి మూడు వందల యాభైకి అంటగట్టాను. తేడా రాలేదు. సెప్టెంబరులో ఇంజెక్టర్ల మీద పడ్డాను. డీజిల్‌ను సన్నటి తుంపరగా ఇంజన్‌లోకి చిమ్మే సూదులు అవి. విప్పి, శుభ్రం చేయించి, అయిదు వేల రెండు వందలు తీసుకున్నాను. ఆరు వేల దగ్గర మొదలుపెట్టి అక్కడికి దిగాను కాబట్టి, నేనే నష్టపోయినట్టు ముఖం కూడా పెట్టాను.

అక్టోబరులో కనిపించి, "అదే పదమూడు బావా" అన్నాడు. గొంతులో కోపం లేదు. "ఇప్పుడు వారానికి రెండు సార్లే తెస్తన్నాను. సూదులకిచ్చిన డబ్బులు ఈ మూడు నెల్లూ ఇలాగ కూడదీసుకోవాల. అదే అంది, పర్లేదు, రెండు సార్లు సాల్లే అని."

ఆ మాట విన్నాక కూడా నాకు వాల్వ్ గుర్తు రాలేదు. నేను చేసింది తప్పని అనుకుంటేగా గుర్తు రావడానికి! మా అందరికీ అది మంచి పనే.

డిసెంబరు చివర్లో, ఇంజన్ వేడి మీద ఉండగా చూడాలి, పొద్దున్నే దారిలో ఆగమన్నాను. ఏడింటికి వచ్చారు. గంటసేపు నడిచిన బండి. వెనక సీట్లో పైడమ్మ గొంతు దాకా దుప్పటి కప్పుకుని వణుకుతోంది. ఆమెను నేను అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి. మొహం ఉబ్బి ఉంది, కాళ్లు చెప్పుల్లో పట్టడం లేదు.

"అప్పా, అద్దాలు ఎత్తేసుకోపోయారా?" అన్నాను. మా వైపు అక్కను అప్ప అంటాం.

"ఎత్తీసే ఉన్నాయి తమ్ముడూ. మీ బావని ఈటరెయ్యమంటే సల్లగాలే వత్తాది. ఎండల్లో బానే ఉంది, దసరా కాడ్నించి సూత్తన్నాను, యెచ్చగా రాదు. ఈ కారుకి కూడా నాలాగే లోపల వేడి లేదు గావోలు."

సన్యాసినాయుడు నవ్వాడు. నేను ముందు సీట్లోకి వంగి హీటర్ గాలికి అడ్డంగా చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. బానెట్ ఎత్తి రేడియేటర్ పైగొట్టం పట్టుకున్నాను. గంట నడిచాక చెయ్యి కాలాల్సిన గొట్టం గోరువెచ్చగా ఉంది. హీటర్‌కు వేడి ఇచ్చేది ఇంజన్ నీళ్లే. తలుపు తీసేశాను కాబట్టి ఆ నీళ్లు వేడెక్కకుండా రేడియేటర్‌లోకి పోతూనే ఉన్నాయి. చల్లగా నడిచే ఇంజన్ డీజిల్ ఎక్కువ తాగుతుంది. పదహారు పదమూడు అయింది అందుకే. ఇన్ని నెలలుగా నేను వెతుకుతున్న జబ్బును ఆవిడ వెనక సీట్లో కూర్చుని చెప్పేసింది.

"బండి ఇక్కడ వదిలెయ్, ఆటోలో వెళ్లి రండి" అన్నాను. ఎందుకో చెప్పలేదు.

కొట్టువాడి కొడుకుని, ఏదీ పారెయ్యను. పాత వాల్వ్ రేకు డబ్బాలోనే ఉంది. టీ కాచుకునే గిన్నెలో నీళ్లు మరిగించి అందులో వేశాను. నీళ్లు కాగుతుండగా, ఎంత వేడికి తెరుచుకోవాలో సరిగ్గా అంత వేడికే తెరుచుకుంది. దానికి ఏ లోపమూ లేదు. మే నెలలో ఈ గిన్నెడు నీళ్లు కాచి ఉంటే సరిపోయేది.

గరుకు కాగితంతో రుద్ది మెరిపించి, దాన్నే బిగించాను. మధ్యాహ్నం ఆయన వచ్చి "ఎంత?" అంటే, నా నోరు అలవాటుగా "కొత్త వాల్వ్ బావా, ఎనిమిది వందలు" అంది. ఆయన అయిదు వందలన్నాడు. ఆరు వందల యాభైకి తెగింది. నిజం చెబుదామని నోరు తెరిచిన మాట వాస్తవం. లోపల్నించి ధర వచ్చింది.

బండి మళ్లీ పదహారుకి వచ్చింది. జనవరిలో ఒక ఉదయం రోడ్డు మీద ఆపి హారన్ కొట్టారు. పైడమ్మ అద్దం దించి, "కాళ్ల మీద యెచ్చగాలి తగల్తంది తమ్ముడూ" అని అరిచింది. "మళ్లీ మూడు సార్లూ తెస్తన్నాను" అన్నాడాయన.

ఆమె మార్చిలో పోయింది. డాక్టర్లు ఏమన్నారని నేను అడగలేదు. ఏం చెబుతారోనని భయపడ్డాను.

ఏప్రిల్‌లో ఒక్కడే వచ్చాడు. "కారు అమ్మీయాల బావా. నాకింకెందుకు? బేరం నువ్వైతే బాగా సేత్తావు. మైలేజీ ఎంతని సెప్పమంటావు?"

అప్పుడు చెప్పాను. తీసిందీ, డబ్బాలో పెట్టిందీ, దాన్నే అమ్మిందీ, అంతా. ఆయన బానెట్ ఎత్తి లోపలికి చూశాడు.

"అయితే ఆ వాల్వు నాదేనా?"

"నీదే బావా."

"సల్లగుంది, సల్లగుంది అని నానే గదా నిన్ను మెచ్చుకున్నాను" అన్నాడు. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

ఇప్పుడు నా షెడ్డులో స్టవ్ మీద ఒక గిన్నె దానికోసమే ఉంటుంది. నీళ్లలో వేసి చూడకుండా ఏ వాల్వూ బయట పడెయ్యను. మైలేజీ తగ్గిందని ఎవరైనా వస్తే, కొత్త సామాను మాట ఎత్తకముందు, ఇంతకుముందు ఎవరేం తీసేశారని అడుగుతాను. చాలాసార్లు తీసింది నాలాంటివాడే అయి ఉంటాడు.

కారు మంచి ధరకే అమ్మిపెట్టాను, కమీషన్ తీసుకోలేదు. ఆ డబ్బుతో పాటు, నేను ఆయనకు తిరిగి ఇవ్వాల్సిన బిల్లు కూడా కాగితం మీద రాసి ఇచ్చాను. వాల్వ్ తీసిన కూలి మూడు వందలు. మందు సీసా మూడు వందల యాభై. ఇంజెక్టర్లు అయిదు వేల రెండు వందలు. ఆయనకే అమ్మిన ఆయన వాల్వ్ ఆరు వందల యాభై. డెబ్బై రెండు ట్రిప్పులకు ట్రిప్పుకొక లీటరు డీజిల్, లీటరు తొంభై ఎనిమిది చొప్పున ఏడు వేల యాభై ఆరు. ఎయిర్ ఫిల్టర్ నిజంగానే పాడైంది, అది కలపలేదు. మొత్తం పదమూడు వేల అయిదు వందల యాభై ఆరు. దాని కింద, రాకుండా ఆగిపోయిన ట్రిప్పులు పన్నెండు అని రాసి, ఎదురుగా ఏమీ వెయ్యలేకపోయాను.

సన్యాసినాయుడు కాగితం చివరిదాకా చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. మొదటిసారి నాతో బేరమాడలేదు.