ఆ పాటగాడి తండ్రి కొలువు

మా ఆయన బొగ్గుగనిలో పనిచేస్తూ, సర్వీసు ఇంకా ఉండగానే గుండె ఆగి చనిపోయాడు. మా ఇల్లందు దిక్కు గని మనిషి అలా పోతే ఆ కొలువు ఇంట్లో ఒకరికి ఇస్తారు. దినాలు కాకముందే వచ్చినవాళ్లంతా అడిగింది అదే, ఎవరి పేరు పెడుతున్నారని. ఇంట్లో మిగిలింది నేను, నా బిడ్డ. నాకు సంతకం పెట్టడం, బస్సు బోర్డు కూడబలుక్కోవడం వచ్చు, అంతే. బిడ్డ డిగ్రీ చదివింది. దాని పేరే పెట్టాలని మా బావ, అంటే మా ఆయన అన్న, తేల్చేశాడు. నేనూ తలూపాను.

బిడ్డ ధ్యాసంతా గిటారు మీద. ఖమ్మంలో ఇంకో ఇద్దరు ఆడపిల్లలతో కలిసి పాడేది. ఫోనులో ఒక ఛానల్ పెట్టి కెనడా రాక్ పాటగాళ్ల కథలు చెప్పేది. వేరే దేశమేదీ దొరకలేదా అంటే, అక్కడా మనలాంటి గనుల ఊళ్లున్నాయి, అందులోంచి వచ్చినవాళ్లున్నారు అనేది. అది వంటింట్లో కూర్చుని రికార్డు చేస్తుంటే నేను గడప దగ్గర చింతపండు గింజలు తీసేదాన్ని. చప్పుడు చేయొద్దనేది. చేతులు ఊరికే ఉంచితే నాకు ఊపిరాడదు.

ఆ కథలు వింతగా ఉండేవి. డ్రమ్ములూ మనుషులూ ఒకే వ్యానులో కుక్కుకుని మంచు రోడ్ల మీద పోయేవాళ్లట, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పగలంతా ప్రయాణమట. పక్కనే అమెరికా ఉంది కాబట్టి దాని పాటలే మోగకుండా, రేడియోవాళ్లు సొంత దేశపోళ్ల పాటలు కొన్ని వేసి తీరాలని అక్కడ చట్టమట. ఒకాయన పాట వినిపించింది. గొంతు నా గొంతులాగే గీరుకుపోయి ఉంది. ఇలా ఉన్నా పాడనిచ్చారా అంటే, ఇలా ఉంది కాబట్టే విన్నారంది.

ఒకరోజు ఒక గని కార్మికుడి కొడుకు కథ చెప్పింది. తండ్రి నికెల్ గనిలో దిగేవాడు. తండ్రి పోయాక కొడుకు గిటారు పట్టుకుని పట్నం బస్సెక్కాడు. బార్లలో పాడి పాడి పేరు తెచ్చుకున్నాడు. రికార్డు నడుస్తోందని మరిచి అడిగేశాను.

"మరి వాళ్ల నాయిన కొలువు ఎవలకిచ్చిండ్రే?"

"అక్కడ గట్ల ఇయ్యరమ్మా. మనిషితోనే పోతది."

"మరి వాళ్లమ్మ?"

"ఆమె గురించి ఎక్కడ లేదు."

బిడ్డ నా మాట తీసేయకుండా అలాగే పెట్టింది. కింద కామెంట్లన్నీ మా గనుల ఊళ్లవాళ్లవే. ఆ కొలువు సంగతేమైందో చెప్పమని ఒకటే అడగడం. ఆ పాటగాడికి తమ్ముడుంటే వాడికన్నా పెట్టించాల్సిందని ఒకాయన సలహా. అవి చదువుతూ పడీపడీ నవ్విన బిడ్డ మధ్యలో ఆగి, కొలువుకు ముందు చేసే మెడికల్ పరీక్షకు తాను వస్తాను, పరేషాన్ కావద్దని చెప్పింది. నేను అడగనేలేదు.

అప్పటి నుంచి నాకు కాలు నిలవలేదు. ఊడ్చిన వాకిలే ఊడ్చాను. కొడుకు బస్సెక్కితే ఆ తల్లి ఏం తిని బతికింది? ఎవరింటి గిన్నెలు తోమింది? కొలువు అడుగుదామన్నా ఆమెకు దారి లేదు. నాకుంది. ఆ సంగతి ఇన్నాళ్లూ మా ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు, నాకు కూడా.

పేరు ఇవ్వడానికి ముగ్గురం గని ఆఫీసుకు పోయాం. క్లర్కు అడిగీ అడగకముందే బావ నోరు తెరిచాడు. నేను ముందే అందుకున్నాను.

"నా పేరు రాయుండ్రి సారూ."

"నీకేమొస్తదని?" అన్నాడు బావ.

"ఊడ్వనొస్తది, మొయ్యనొస్తది. ఏజు దాటలే."

బిడ్డ నా మోచెయ్యి పట్టుకుని, తన కోసమా అని గొణిగింది. కాదన్నాను. నాకు కొలువు కావాలన్నాను. దాని కోసమన్నదీ నిజమే, నాకు కావాలన్నదీ నిజమే. మొదటిది దానికి చెప్పబుద్ధి కాలేదు.

సంతకం పెట్టి బయటికొస్తే బావ బండి తీసుకుని వెళ్లిపోయాడు. బస్టాండులో బిడ్డ మొహంలో సంతోషం లేదు, బెదురే ఉంది.

"ఇగ నేను మంచిగ పాడకుంటే ఏమంటవమ్మా?"

ఖమ్మం బస్సు వచ్చింది. జల్దీ ఎక్కు, సీటు దొరకదు అన్నాను. గిటారు నెత్తికి తగలకుండా వంగి ఎక్కింది. బస్సు పోయాక కూడా నేను కూర్చోలేక, ఆ ప్లాట్‌ఫారం మీద అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను.